బొగ్గు రైలుకు ఉలకని గాజు

రాయచూరులో తీన్ కందీల్ కూడలి చుట్టుపక్కల పాతకాలపు మనుషులను ఎవరిని అడిగినా ప్రహ్లాద్ గారి నట్లు బోల్టుల దుకాణం చూపిస్తారు. ఆయన కూతురే సౌభాగ్యలక్ష్మి. కృష్ణ ఒడ్డున శక్తినగర్‌లో థర్మల్ కేంద్రం కడుతున్న రోజుల్లో ఆ దుకాణానికి ఊపిరి సలపని బేరాలు ఉండేవి. కాంట్రాక్టర్ల జీపులు వీధి మలుపు దాకా ఆగేవి. బడి నుంచి వచ్చిన పిల్ల గల్లాపెట్టె పక్కన కూర్చుని బోల్టులకు నట్లు ఎక్కించి చూస్తూ ఉండేది. కొన్ని రెండు వేళ్ళతో తిప్పగానే నూనె రాసినట్టు జారిపోయేవి. కొన్ని, అదే డబ్బాలోవే, అదే కొలతవే, సగం దాకా వెళ్ళి మొరాయించేవి.

"ఎందుకు నాయనా గిట్ల?" అని అడిగితే ప్రహ్లాద్ నవ్వేవాడు.

"అన్నీ ఒక్కతీరుగ ఉంటయా బిడ్డా? జర కిందామీద అయితది."

ఆ జర అంటే ఎంత అన్నది ఆ పిల్లకు తెగని ప్రశ్న అయి కూర్చుంది. పెద్దయ్యాక భౌతికశాస్త్రం చదివింది. డిగ్రీ రాయచూరులో, ఎమ్మెస్సీ గుల్బర్గాలో. పెళ్ళి మళ్ళీ రాయచూరుకే తెచ్చింది. భర్త పృథ్వికి ఊరి మార్కెట్ యార్డు అయిన గంజ్‌లో పత్తి కమీషన్ వ్యాపారం. నలుగురితో కలిసి చాయ్ తాగనిదే పొద్దు గడవని మనిషి. పెళ్ళయిన కొత్తలో సౌభాగ్య యరమరస్ వైపు ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరింది. రైలు పట్టాలకు కూతవేటు దూరంలో ఉంటుంది ఆ కాలేజీ. అక్కడే జుట్టు నెరిసింది.

నలభై దగ్గర పడుతుండగా ఆమె ఇంకో పని తలకెత్తుకుంది. బెంగళూరులో ఒక పరిశోధనశాలలో లేజర్ల విభాగాన్ని నడిపే గిరిజమ్మ అనే శాస్త్రవేత్త దగ్గర పీహెచ్‌డీకి చేరింది. సెలవులొస్తే చాలు, సంచీ సర్దుకుని రైలెక్కేది. పట్టా చేతికొచ్చాక గిరిజమ్మ ఆమెను వదల్లేదు. అంతరిక్షంలోకి పంపే ఆప్టికల్ కేవిటీ ఒకటి రూపొందించాలని, దాన్ని నువ్వే చెయ్యాలని అంది.

ఆ సంగతి పృథ్వికి ఆమె చెప్పింది భోజనాల దగ్గర.

"ఇంతకు అది ఏంది? రేపు గంజ్‌ల నలుగురు అడుగుతరు. నేనేం చెప్పాలె?"

"రెండు అద్దాలు ఉంటయి. ఎదురుబొదురు. నడుమ ఒక గాజు దిమ్మె. ఆ అద్దాల నడుమ లేజర్ వెలుగు లక్షసార్లు ఇటు అటు తిరుగుతది. అద్దాల నడుమ దూరం మారకుంటే వెలుగు కూడా మారదు. గంతే."

"గంతేనా? అద్దాలు కదలొద్దు. దానికి ఇన్ని చదువులా?"

"ఎంత కదలొద్దో అడుగుండ్రి."

"ఎంత?"

"మీ తల వెంట్రుక తీసుకొని, దాని మందాన్ని లక్ష కోట్ల పాళ్ళు చేస్తే, అందుల ఒక్క పాలు. అంత కూడా కదలొద్దు."

పృథ్వి బట్టతల తడుముకున్నాడు. "ఉన్నయే నాలుగు. వాటిని గూడ ఇడవవా నువ్వు?" అని, కాసేపటికి మళ్ళీ తనే అడిగాడు. "దాంతో ఏం ఫాయిదా?"

ఆమె చెప్పింది. రెండు ఉపగ్రహాలు ఒకదాని వెనక ఒకటి భూమి చుట్టూ తిరుగుతుంటాయి. కింద నేలలో బరువు ఎక్కువున్న చోట ముందుదాన్ని భూమి జర ఎక్కువగా లాగుతుంది, ఆ వెనక రెండోదాన్ని. వాటి మధ్య దూరం అలా ఇంత పెరిగి ఇంత తగ్గుతూ ఉంటుంది. ఆ తేడాను లేజర్‌తో కొలిస్తే ఏ ప్రాంతంలో భూగర్భ జలం ఎంత తగ్గిందో పైనుంచే చెప్పవచ్చు. కానీ కొలిచే లేజరే నిలకడగా లేకపోతే కొలత దేనికీ పనికిరాదు. లేజర్‌ను నిలబెట్టేది ఆ గాజు దిమ్మె.

"అట్ల చెప్పు" అన్నాడు పృథ్వి. "నీళ్ళ ముచ్చట అంటే అందరికి సమజ్ అయితది."

*

భూమి మీద ఇలాంటి కేవిటీలు కొత్తవి కావు. గాలి తీసేసిన డబ్బాలో, మెత్తటి ఆధారాల మీద, ఎవరూ తాకని గదిలో పడుకోబెట్టి ఉంచుతారు. అంతరిక్షానికి పంపాలంటే అలా కుదరదు. రాకెట్ లేచేటప్పుడు విదిలించి కొడుతుంది. గట్టిగా పట్టుకోకపోతే దిమ్మె ఎగిరి పగిలిపోతుంది. గట్టిగా పట్టుకుంటే ఆ పట్టుకే గాజు నొక్కుకుపోయి అద్దాల మధ్య దూరం మారుతుంది. పైకెళ్ళాక కూడా నిశ్శబ్దం ఉండదు. ఉపగ్రహాన్ని అటూ ఇటూ తిప్పడానికి లోపల చక్రాలు తిరుగుతూనే ఉంటాయి. ఆ అదురు దిమ్మెకు తగులుతుంది.

గట్టిగా పట్టుకోవాలి, పట్టుకున్నట్టు దానికి తెలియకూడదు. ఇదీ సౌభాగ్య ముందున్న లెక్క.

ఆమె ఎంచుకున్నది అరచేతిలో ఇమిడే ఘనాకారపు దిమ్మె. ఎనిమిది మూలల్లో నాలుగింటిని ఒకటి విడిచి ఒకటి కోసి, ఆ నాలుగు కోతల మీద నాలుగు గోళీలు ఆనించి పట్టుకోవాలి. మూలలను నొక్కితే గాజు ఎక్కడో ఒకచోట ఉబ్బుతుంది, ఎక్కడో లోపలికి పోతుంది. మూల కోత తక్కువ లోతుగా ఉంటే అద్దాల దూరం ఒక వైపు మారుతుంది. ఎక్కువ లోతుగా ఉంటే దానికి ఎదురు వైపు మారుతుంది. ఆ రెండింటి మధ్య ఎక్కడో ఒక లోతు ఉంటుంది. సరిగ్గా అక్కడ కోస్తే, ఎంత నొక్కినా అద్దాల దూరం మారదు. రొట్టెలు చేస్తూ ఒకనాడు జొన్నపిండి ముద్దను దిమ్మెలా చేసి, మూలల మీద వేళ్ళతో నొక్కి పృథ్వికి చూపించింది కూడా. ఆయన ముద్దను చూడలేదు, ఆమె ముఖాన్నే చూశాడు. పొద్దుటి నుంచి చేసిన పనికి అలుపు లేని ముఖం అది.

కంప్యూటర్ మీద నెలల తరబడి లెక్క కట్టి ఆమె ఆ లోతు తేల్చింది. అదే కాలేజీలో మెకానికల్ పాఠాలు చెప్పే ధర్మతేజ ఆమెకు తోడయ్యాడు. సింధనూరు దగ్గర కాలువ కింద వరి పండించే ఆంధ్ర రైతు కోటయ్య కొడుకు అతను. గోళీలను పట్టే చట్రం అతని పని.

గాజు మామూలు గాజు కాదు. వేడికి సాగదు, చలికి ముడుచుకోదు. విదేశం నుంచి తెప్పించాల్సిందే. ఒక్కటే వచ్చింది. ఇంకొకటి కావాలంటే మళ్ళీ ఏళ్ళు పడుతుందని గిరిజమ్మ ముందే చెప్పింది. బెంగళూరులో ఒక వర్క్‌షాపులో దాని మూలలు సౌభాగ్య చెప్పిన లోతుకు కోశారు. నడుమ వెలుగు వెళ్ళడానికి ఒక సొరంగం తొలిచారు. సొరంగంలోని గాలి బయటికి పోవడానికి పక్క నుంచి ఒక సన్నటి రంధ్రం పెట్టారు. అద్దాలను జిగురు లేకుండానే అంటించారు. అంత నున్నగా సాన పట్టిన గాజులు ఒకదానికొకటి తగిలిస్తే చాలు, కరుచుకుపోతాయి.

పరీక్ష రాయచూరులోనే పెట్టుకుందామని గిరిజమ్మ అంది. బెంగళూరు ల్యాబులో బల్లలన్నీ నిండి ఉన్నాయి. పైగా పక్కన మెట్రో తవ్వకాలు.

"మీ ఊళ్ళో అయితే నిమ్మళంగా ఉంటుంది చూడు" అంది కన్నడంలో. వాళ్ళిద్దరూ ఎప్పుడూ కన్నడంలోనే మాట్లాడుకునేవారు.

*

కాలేజీ కింది అంతస్తులో ఒక గది ఇచ్చారు. రెండు తలుపులు, కిటికీ లేదు, ఏసీ ఎప్పుడూ బుయ్యిమంటూ ఉంటుంది. ఒక మూల, అదురు తగలనివ్వని మెత్తటి బల్ల మీద బెంగళూరు నుంచి తెచ్చిన పాత కేవిటీ. కొత్త దిమ్మెను అదురు తగిలేలా కావాలనే మామూలు బల్ల మీద పెట్టారు. రెండింటికీ చెరొక లేజర్. రెండు లేజర్ల మధ్య తేడా తెర మీద గీతగా కనబడుతుంది. గీత తిన్నగా సాగితే కొత్త దిమ్మె కదలనట్టు.

తిన్నగానే సాగింది, కాసేపు. తర్వాత ఉన్నట్టుండి వణికింది. చలిజ్వరం వచ్చినట్టు కొన్ని నిమిషాలు వణికి, మళ్ళీ సద్దుమణిగింది.

అప్పటి నుంచి మొదలైంది. రోజుకు కొన్నిసార్లు గీత వణికేది. ఒక వేళంటూ లేదు. ఏసీ ఆపి చూశారు. వైర్లు మార్చారు. కరెంటు హెచ్చుతగ్గులేమోనని బ్యాటరీల మీద నడిపారు. పై అంతస్తులో నడవొద్దని పిల్లలను బతిమాలారు.

"మేడం గారూ, రైళ్ళ వల్లేమోనండీ?" అన్నాడు ధర్మతేజ ఒకనాడు.

ఇద్దరూ స్టేషన్‌లో రాకపోకల వేళలు కనుక్కుని పోల్చి చూశారు. బండి వెళ్ళినప్పుడు గీత ఊరుకునేది. ఏ బండీ లేనప్పుడు వణికేది. ఆ అనుమానాన్ని అక్కడితో వదిలేశారు.

సౌభాగ్యకు తిండి సహించడం మానేసింది. ఇదే పనికి ఇంకో బృందం పొడవాటి గాజు కడ్డీతో వేరే కేవిటీ చేస్తోంది. నెల తిరిగేసరికి రెండింటిలో ఏది ఉపగ్రహంలోకి ఎక్కాలో పెద్ద శాస్త్రవేత్తల కమిటీ తేలుస్తుంది. తన ఓటమి అంత బాధ కాదు. ఊరి చివర ఉన్న కాలేజీని నమ్మి, ఉన్న ఒక్క గాజునూ పంపిన గిరిజమ్మకు ఏం చెప్పాలి?

అన్నం ముందు అలా కూర్చుండిపోతే పృథ్వి కంచం దగ్గరకు జరిపేవాడు. "ఏందే గిట్ల అయితున్నవ్? పరేషాన్ అయితే గాజు మాట వింటదా? తిను."

ఒక ఆదివారం ఆయన పత్తి బేరం పని మీద హైదరాబాద్ బయల్దేరాడు. సౌభాగ్య కాలేజీకి వెళ్ళింది. ధర్మతేజ అప్పటికే గీత ముందు కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ ఎందుకో బుద్ధిగా ఉందండీ" అన్నాడు. "పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా అదరలేదు."

అంతలో పృథ్వి ఫోన్.

"స్టేషన్‌ల ఉన్న. ఒక్క బండి లేదు. పట్టాల మరమ్మతు అంట. అన్నీ బంద్. బస్సుకు పోతున్న, రేపు వస్త."

"అన్నీ బందా? గూడ్స్ బండ్లు గూడనా?"

"గూడ్స్ ముచ్చట నీకెందుకే? నేను బొగ్గుల కూసొని పోవాల్నా?"

"జర అడుగుండ్రి. దండం పెడత."

అవతల ఎవరితోనో మాట్లాడుతున్న చప్పుడు. తర్వాత పృథ్వి గొంతు. "అన్నీ బంద్. బొగ్గు బండ్లు గూడ. సాయంత్రం ఇడుస్తరంట. అయిందా?"

సౌభాగ్య ఫోన్ పెట్టేసి ధర్మతేజ వైపు చూసింది. చెప్పనక్కరలేకపోయింది. అతను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. థర్మల్ కేంద్రాలకు బొగ్గు మోసే బండ్లకు వేళలు ఉండవు. ఎప్పుడు దారి దొరికితే అప్పుడు పోతాయి. ప్రయాణికుల బండి కన్నా ఎన్నో రెట్లు బరువు. పట్టాల పక్కనే ఏళ్ళ తరబడి బతికిన వాళ్ళకు ఆ చప్పుడు చెవికెక్కడం ఎప్పుడో మానేసింది.

సాయంత్రం ఆమె కాలేజీ ప్రహరీ దగ్గర నిలబడింది. అతను కింద గీత ముందు. ఇద్దరి చెవుల దగ్గరా ఫోన్లు. ఎదురుచూడగా చూడగా యరమరస్ వైపు నుంచి రెండు ఇంజన్లు కనబడ్డాయి. వాటి వెనక నల్లటి పెట్టెలు, చివర కనబడటం లేదు.

"వచ్చింది" అంది.

కాళ్ళ కింద మట్టి సన్నగా అదిరింది.

"లేచిందండీ!" అన్నాడు ధర్మతేజ. "మేడం, గీత లేచింది! అదేనండీ, అదే!"

రోగం పేరు తెలిసినందుకే ఆమెకు సగం ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు ఇంటికెళ్ళి, చాలా రోజుల తర్వాత ఆకలేసి తింది.

*

కానీ పేరు తెలిస్తే రోగం పోదు. అంతరిక్షంలో బొగ్గు రైళ్ళు లేవు కదా అని ఊరుకోవడానికి వీల్లేదు. రైలు అదురు తెలుస్తోందంటే ఉపగ్రహంలో చక్రాల అదురూ తెలుస్తుంది. పట్టుకున్నట్టు తెలియకూడని దిమ్మెకు తెలుస్తోంది. కోత లోతులో తేడా ఉంది.

ఎక్కడ? ఆమె లెక్కను మొదటి నుంచి తిరగేసింది. మూడో నాడు దొరికింది. గాలి బయటికి పోవడానికి పక్కన తొలిచిన సన్నటి రంధ్రం. అంత చిన్నదాని వల్ల ఏమవుతుందిలే అని దాన్ని లెక్కలో కలపలేదు. గిరిజమ్మా చూసింది, ఆవిడకీ తట్టలేదు. గాజులో ఒక చోట ఖాళీ ఉంటే నొక్కుడు పారే దారి మారుతుంది. సరైన లోతు అక్కడి నుంచి పక్కకు జరుగుతుంది.

ఎటు జరుగుతుంది? అదే ఇప్పుడు ప్రాణం మీదకొచ్చిన ప్రశ్న. ఇంకా లోతుగా కోయాలని తేలితే, కోయవచ్చు. తక్కువ కోయాల్సిందని తేలితే చేయగలిగింది లేదు. కోసేసిన గాజును తిరిగి అతికించలేరు. ఉన్నది ఒక్కటే దిమ్మె.

రంధ్రాన్ని కలిపి లెక్కను కంప్యూటర్‌కు ఎక్కించింది. తేలడానికి సగం పూట పడుతుంది. ఆ వేళకే పరీక్ష హాల్లో ఆమెకు డ్యూటీ పడింది. వద్దనడానికి లేదు. పిల్లలు తలలు వంచుకుని రాస్తుంటే ఆమె బల్లల మధ్య నడుస్తూ ఉంది. ఒక అమ్మాయి అదనపు కాగితాలు కావాలని రెండుసార్లు చెయ్యెత్తినా కనబడలేదు. "మేడం, మీకు ఒంట్లో బాగలేదా?" అని ఆ పిల్లే అడిగింది. పరీక్ష అయిపోయేసరికి, రాసిన వాళ్ళకన్నా ఆమె అరచేతులే ఎక్కువ తడిసి ఉన్నాయి.

కాగితాలు కట్ట కట్టి ఆఫీసులో ఇచ్చి, మెట్లు దిగి గదిలోకి వచ్చింది. ధర్మతేజ కంప్యూటర్ ముందు కూర్చోలేదు. గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందండీ. నేను చూళ్ళేదు. మీరే చూడండి."

ఆమె కుర్చీలో కూర్చుంది. కళ్ళద్దాలు తుడుచుకుని పెట్టుకుంది. అంకె చూసింది. పాత అంకె పక్కన పెట్టి చూసింది. ఎక్కడ ఏది పొరపాటుగా చదువుతోందోనని వేలు పెట్టి మళ్ళీ చదివింది.

"తేజ సారూ."

"చెప్పండి మేడం."

"ఇంకా లోతుకు కోయాలె. జరంత."

అతను రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తీసినప్పుడు నవ్వుతున్నాడు. "బతికించారండీ. ఎటు తేలుతుందోనని మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు నేను. మా నాన్న కాలువ నీళ్ళ కోసం ఎదురుచూసినట్టు చూశాననుకోండి."

గిరిజమ్మకు ఫోన్ చేసి సౌభాగ్య ఉన్నదున్నట్టు చెప్పింది. రైళ్ళ సంగతి, రంధ్రం సంగతి, కొత్త లోతు. అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది.

"రంధ్రమా?" అంది గిరిజమ్మ చివరికి. "నేనూ చూశాను కదమ్మా ఆ బొమ్మ. రంధ్రం నా కళ్ళ ముందే ఉంది." తర్వాత గట్టిగా నవ్వింది. "ఇంకా కోయాలనేగా తేలింది? కోద్దాం. దిమ్మె పట్టుకొని రా. కమిటీకి నేను చెప్పుకుంటాను, ఒక నెల ఆగమని."

*

అంటించిన అద్దాలను ఊడదీయడమే అన్నిటికన్నా భయపెట్టిన పని. బెంగళూరు వర్క్‌షాపులో సన్నటి రేకును సందులోకి పోనిచ్చి, ఊపిరి బిగబట్టి విడదీశారు. మొదటిది సులువుగా వచ్చింది. రెండోది వస్తూ వస్తూ అంచున ఆవగింజంత పెచ్చు లేపింది. భూతద్దం కింద పెట్టి చూస్తే పెచ్చు అద్దం అంచుకే పరిమితమైంది, వెలుగు తగిలే నడిమి భాగం చెక్కుచెదరలేదు. దిమ్మెకు ఏమీ కాలేదు. మూలలు కొత్త లోతుకు సాన పట్టారు. అద్దాలను కడిగి మళ్ళీ అంటించారు. కారు వెనక సీటులో దిళ్ళ మధ్య పెట్టుకుని ఆమె దాన్ని రాయచూరుకు తెచ్చుకుంది. దారి పొడుగునా గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్ "అమ్మా, గుంత వస్తోంది" అని ముందే చెప్పి మరీ దించాడు.

డబ్బాలో పెట్టి గాలి తీసి, అంతా ఒక స్థితికి వచ్చేదాకా ఆగారు. ఆ రోజు పృథ్వి కూడా వస్తానని పట్టుబట్టాడు. చెప్పులు విప్పించి, తలకు టోపీ పెట్టి, "మీరు గీ కుర్చీల కూసోండ్రి. కదలొద్దు" అని చెప్పి కూర్చోబెట్టింది సౌభాగ్య.

"నేను గూడ కదలొద్దా? గాజుకే అనుకున్న" అన్నాడు, కానీ కదలలేదు.

ఈసారి ప్రహరీ దగ్గర ధర్మతేజ నిలబడ్డాడు. ఆమె గీత ముందు. ఫోన్ బల్ల మీద ఉంది.

"వస్తోందండీ. బొగ్గు బండే. నిండుగా ఉంది."

గీత తిన్నగా ఉంది.

"ఇంజన్లు నా ముందుకొచ్చాయి."

గీత తిన్నగా ఉంది.

"పెట్టెలు పోతున్నాయండీ. నేల బాగా అదురుతోంది. ఏమైంది? మాట్లాడరేంటండీ? మేడం?"

ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పలేదు. ఈసారి కొత్తగా బల్లకు తగిలించిన అదురు కొలిచే పరికరం పక్క తెరలో ఎగిరెగిరి పడుతోంది. గాజు గీత మాత్రం చదును చేసిన కళ్ళంలా ఉంది. పృథ్వి కుర్చీలోంచే ముందుకు వంగి చూశాడు. ఆయనకు అర్థమయ్యేది ఏముంది, రెండు గీతలు. ఒకటి గెంతుతోంది, ఒకటి గెంతడం లేదు. ఆమె ముఖం చూసి అందులో మంచిదేదో తెలుసుకున్నాడు. ఫోన్ తీసుకుని తనే చెప్పాడు.

"తేజా, నేను పృథ్విని. గీత కదులుతలేదు. మీ మేడం గూడ కదులుతలేదు."

అవతల నుంచి ఒక కేక వినబడింది. ప్రహరీ మీద కోతులు బెదిరి పారిపోయాయని తర్వాత చెప్పాడు ధర్మతేజ.

ఆ వారమంతా ఎన్ని బండ్లు పోయాయో, అన్నింటికీ గీత అలాగే ఉంది. గిరిజమ్మ స్వయంగా వచ్చి రెండు బండ్లు చూసి వెళ్ళింది. కమిటీలో ఒకాయన ఈ రైలు పరీక్ష ఏమిటని నవ్వాడట. కొలతలు ముందు పెడితే, బెంగళూరులో అదురు పుట్టించే బల్ల మీద మళ్ళీ చేయించి, రెండూ సరిపోయాక ఒప్పుకున్నాడట. కమిటీ ఈ దిమ్మెనే ఎంచుకుంది. పొడవాటి కడ్డీ చేసిన బృందం వాళ్ళు తమ గాజును వేరే పనికి, భూమి మీద లేజర్‌తో నడిచే గడియారానికి వాడుకుంటామన్నారు. ఎవరి కష్టమూ వృథా పోలేదని సౌభాగ్యకు ఆ మాట మరీ నచ్చింది.

*

మిగిలింది విదిలింపు పరీక్ష. రాకెట్ లేచేటప్పటి ఊపును పెద్ద యంత్రం మీద పుట్టించి, దిమ్మె తట్టుకుంటుందా లేదా చూస్తారు. అది బెంగళూరులో. ఆ గదిలోకి మనుషులను రానివ్వరు. గాజు కిటికీ ఇవతల నిలబడి చూడాలి. సౌభాగ్య చూడలేదు. యంత్రం మొదలయ్యే ముందే వరండాలోకి వచ్చి బెంచీ మీద కూర్చుంది. గోడ అవతల నుంచి ముందు సన్నటి మోత, తర్వాత ఉరుము లాంటిది, తర్వాత లోహపు రేకులను వెయ్యి సుత్తులతో కొట్టినట్టు. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని అరచేతుల్లోకి చూసుకుంటూ ఉండిపోయింది. అలా మూడు వైపులకూ తిప్పి కొట్టారు.

మోత ఆగింది. డబ్బా విప్పారు, భూతద్దం పెట్టారు, లేజర్ పెట్టారు. అంతసేపూ ఎవరూ బయటకు రాలేదు. చివరికి తలుపు తీసుకుని గిరిజమ్మ వచ్చింది. నడుము నొప్పి మనిషి, అంత తొందరగా నడవడం సౌభాగ్య ఎప్పుడూ చూడలేదు.

"లే" అంది. "ఏమీ కాలేదు. అద్దాలు అలాగే ఉన్నాయి. వెలుగు అలాగే తిరుగుతోంది. లేవమ్మా, ఎంతసేపు కూర్చుంటావ్."

సౌభాగ్య లేవకుండా బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది. గిరిజమ్మే పక్కన కూర్చుంది. వరండా అవతల తోటమాలి ఎవరో పూలకుండీలకు నీళ్ళు పోస్తున్నాడు.

దిమ్మె పైకెళ్ళడానికి ఇంకా ఎన్నో దశలు ఉన్నాయి. ఎండ వేడి, నీడ చలి, రేడియేషన్, ఏళ్ళ తరబడి ఓపిక. అవి వేరే వాళ్ళ పనులు. సౌభాగ్య చేయాల్సింది అయిపోయింది. తర్వాతి నమూనా గురించి గిరిజమ్మ ఏదో మొదలుపెట్టబోతే, "అక్కా, ఒక నెల నన్ను వదిలెయ్యి" అంది. ఆవిడ సరేనంది.

బయటకు వచ్చి పృథ్వికి ఫోన్ చేసింది. గంజ్‌లో పత్తి వేలం నడుస్తున్నట్టుంది, వెనక ఒకటే అరుపులు.

"ఏమాయె?"

"పగలలే."

"ఏందీ? ఇనబడుతలేదు."

"పగలలేదండీ! ఏం గాలే! అంతా సక్కగున్నది!"

అవతల అరుపులు తగ్గాయి. ఆయన ఎక్కడికో పక్కకు నడిచి వచ్చినట్టున్నాడు.

"సౌభాగ్యా."

"ఊఁ."

"పొద్దుటి నుంచి ఏమన్న తిన్నవా?"

తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. క్యాంటీన్‌లో రాగిముద్ద, పప్పుపులుసు అప్పుడే వేడిగా దించుతున్నారు. ఆమె పళ్ళెం తీసుకుని కిటికీ పక్కన కూర్చుంది. మొదటి ముద్ద అయ్యాక వెళ్ళి ఇంకొకటి వేయించుకుంది.